శుభ్రమైన రికార్డింగు

మందమర్రి,
ఆదివారం.

జోయల్‌కు,

నీ మెసేజ్ చూశాను. మీ అక్క జ్ఞాపకార్థ కూడికలో వినిపించడానికి ఆమె గొంతు ఉన్న రికార్డింగు పంపమన్నావు. నా దగ్గర ఒక్కటీ లేదు.

మొదట్లో నా కరెంటు గిటారు స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేసేవాణ్ణి. ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, ఆమె మాటలు అన్నీ అందులో పడేవి. అందుకని ఫ్యాను ఆపేసేవాణ్ణి. "ఎండకాలం ఫ్యాను బందువెట్టి సంపుతవా? ఇగ రా, అన్నం సల్లగైతుంది" అని ఒకసారి పాట మధ్యలో అరిచింది. పాడైందని తుడిచేశాను. అలాంటివన్నీ తుడిచేశాను.

తర్వాత నువ్వే ఎక్కడో చవకగా దొరికిందని ఆ చిన్న రికార్డింగు పెట్టె తెచ్చిచ్చావు. "బావా, గిటారు వైరు సీదా దీంట్ల పెట్టు. ఇగ అక్క ఎంత ఒర్లినా ఒక్క మాట పడదు" అన్నావు. ముగ్గురం నవ్వుకున్నాం. "అట్లయితే నాకు పండుగే" అని ఆమె ఫ్యాను వేసుకుని నా పక్కనే కూర్చుంది.

అప్పటినుంచి చిక్కుడుకాయలు తుంచుకుంటూ రోజూ మాట్లాడేది. నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉండేవి. కడుపునొప్పి సంగతి మొదటిసారి చెప్పిందీ అప్పుడేనట. నేను సరేనన్నట్టు తల ఊపానట. అప్పుడు అక్కడే ఉన్న మా పాప షారోన్, వాళ్ళమ్మ పోయాక చెప్పింది. అది తన పుట్టినరోజు మర్నాడు కాబట్టి పిల్లకు బాగా గుర్తుంది.

ఆ రోజు వాయించిన పాట తేదీ చూసి వెతికి, పెన్‌డ్రైవులో పెట్టి పంపుతున్నాను. సౌండు పెంచి చాలాసార్లు విన్నాను. కూడికలో వేస్తే వేయి. నువ్వన్నట్టే ఒక్క మాట పడలేదు.

మీ బావ