మెట్ల మీద వదులు చెక్క

షికాగో, 1958 అక్టోబరు

అక్కా,

అమ్మను ఇప్పుడే రైలెక్కించకు. మా ఇల్లు పోయింది.

మన నల్లవాళ్ల వీధుల్లో ఇంటికి ఏ బ్యాంకూ అప్పివ్వదు కనుక తెల్లాయన దగ్గరే వాయిదాల మీద కొన్నామని నీకు తెలుసు. చివరి వాయిదా తీరేదాకా ఇల్లు అతని పేరు మీదే ఉంటుంది. ఫ్యాక్టరీలో మా ఆయన ఎజెల్ చెయ్యి నలిగి ఒక్క నెల కట్టలేకపోయాం. ఖాళీ చెయ్యమన్నాడు.

నిన్న మేం సామాను సర్దుతుంటేనే ఇంకో జంటను తీసుకొచ్చి ఇల్లు చూపించాడు. వాళ్లూ మనవాళ్లే, జార్జియా నుంచి కొత్తగా వచ్చారు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. ఇంటాయన, ఆమె భర్త పెరట్లోకి వెళ్లగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సంతకం పెట్టకు తల్లీ. ఒక్క నెల వాయిదా తప్పితే మిమ్మల్నీ వీధిలోకి గెంటేస్తాడు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. "మీ ఆయన తాగి తగలేశాడటగా, ఇంటాయన చెప్పాడులే. మా ఆయన అలాంటివాడు కాదక్కా."

ఎజెల్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సారా వాసనే పడని మనిషి. కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు.

ఆమె మేడ మెట్లెక్కబోతుంటే మాత్రం ముందుకొచ్చి, "ఆ మూడో మెట్టు చెక్క వదులుగా ఉంది, చూసుకుని అడుగెయ్యమ్మా" అన్నాడు.

నీ చెల్లెలు