వదిలే ఊపిరి

నవంబర్ 4, మంగళవారం

ప్లాంట్ మెడికల్ టెస్ట్‌లో ఆగిపోయాను. గుండె మధ్యమధ్య ఒక ఎక్స్‌ట్రా దెబ్బ వేస్తోందట. పెద్ద జబ్బేం కాదు, టీ, టెన్షన్ తగ్గించు, నెలాఖరులో మళ్లీ ఈసీజీ తీద్దాం అన్నాడు డాక్టర్. అంతవరకు క్రేన్ ఎక్కకూడదు. కరిగిన ఉక్కును అందరి నెత్తి మీదుగా మోసిన దాన్ని, స్టోర్‌లో కూర్చుని గ్లవ్స్ పంచుతున్నాను. అప్పుడూ ఫిట్ రాకపోతే ఇక ఎప్పటికీ గ్లవ్సే. ఏడుపొచ్చింది.

నవంబర్ 6

మా ఊళ్లోనే కద్మా పేటకు వెళ్లాను, లోయిస్ అక్క దగ్గరికి. ఫిజియోథెరపిస్టు. సాయంత్రాలు ప్రాణాయామం నేర్పుతుంది, ఆదివారం మాత్రం చర్చి. అదేంటక్కా అంటే, ఊపిరి దేవుడిచ్చిందే కదే త్రివేణీ అని నవ్వింది. నెమ్మదిగా పీల్చు, ఇంకా నెమ్మదిగా ఒదులు, బయం లేదని నరాలకి కబురెళ్తాది, గుండె కూడా ఎనకే చల్లబడతాది అంది. ఇంతేనా అనుకున్నాను.

నవంబర్ 10, పొద్దున్న

ఇంతే కాదు. కళ్లు మూసుకుంటే దడ ఇంకా పెరుగుతోంది. మా ఆయన పైడిబాబు వచ్చి, ఏటే, మొకం అలా ఎర్రబడిపోనాది, ఎవల మీద కోపం అన్నాడు. ఆయన మీదే. చేతిలో నాకోసం తెచ్చిన టీ.

నవంబర్ 13

తప్పు దొరికింది! అక్క నా భుజాల మీద చేతులు వేసి, ఊపిరి అలా బిగబట్టీసి ఎక్కడికి పారిపోతన్నావే అంది. నిజంగానే పారిపోతున్నాను. ప్లాంట్‌లో మా మొదటి పాఠం అదే: గ్యాస్ అలారం మోగితే ఊపిరి బిగబట్టు, పరుగెత్తు. ఏళ్ల తరబడి చేసిన డ్రిల్ ఒంటికి పట్టేసింది. ప్రాణాయామం చేయమంటే గ్యాస్ డ్రిల్ చేస్తున్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. బిగబట్టడం మానెయ్, తుమ్మెదలాగ మ్‌మ్ అనుకుంటూ ఒదులు అంది.

నవంబర్ 17

భయమేసింది. నాడి మీద వేలు పెట్టి చూసుకుంటే, పీల్చినప్పుడు గబగబా, వదిలినప్పుడు నిదానంగా కొడుతోంది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. పిచ్చిదానా, అది జబ్బు కాదే, నరాలు బాగున్నాయనే గుర్తు అంది. గుండె మోటారులాగా ఒకే తీరున కొట్టక్కర్లేదట. రోజంతా మోటారు శబ్దం వినే నాకు ఇది కొత్త సంగతి. హాయిగా అనిపించింది.

నవంబర్ 20

నా మ్‌మ్ విని మా అబ్బాయి బాలాజీ, మమ్మీ, ఫ్రిజ్ ఖరాబ్ హో గయా క్యా అని అరిచాడు, ఫ్రిజ్ పాడైందనుకుని. పైడిబాబు కూడా నా పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. నిద్రపోయాడు.

నవంబర్ 25

ఈసీజీ తీగలు అంటించగానే గుండె ఎగిరింది. వదిలాను. మళ్లీ వదిలాను. ఎక్స్‌ట్రా దెబ్బ ఒక్కటే పడింది. అది ఉంటే ఉండనీ అన్నాడు డాక్టర్. ఫిట్!

నవంబర్ 26

క్రేన్ ఎక్కిన గంటకే గ్యాస్ డ్రిల్. దిగి, బిగబట్టి అందరికంటే ముందు పరుగెత్తాను. బయట నిలబడి మ్‌మ్ అంటూ వదిలాను. కింద నుంచి నాకు సైగలిచ్చే మనోజ్ వింతగా చూశాడు. కాసేపటికి వాడూ మ్‌మ్ అన్నాడు.