మీ అమ్మ వాల్‌నట్ రైఫిల్

నవంబరు 20, 1986

మా మార్లిస్‌కి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ రీనో పెదనాన్నా, లెస్టర్ మావయ్యా ముగ్గురమూ బాగానే ఉన్నాం. కుక్కకి మాత్రం వెనక కాలు పట్టేసింది. నాకన్నా బాగా మూలుగుతోంది. అరిజోనాలో నువ్వూ, నీ ఆసుపత్రిలో నిన్ను నమ్ముకున్న రోగులూ క్షేమమని తలుస్తాను. నవంబరులో కూడా పొట్టిచేతుల చొక్కాతో తిరుగుతున్నానని రాశావు. అది చదివి రీనో నమ్మలేదు. ఇక్కడ మోకాలిలోతు మంచు.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు చెప్తాను. భుజం ఆపరేషన్ గాయం మానింది. చెయ్యి తల దాకా లేస్తోంది, అంతకుపైన లేవదు. టోపీ పెట్టుకోవడానికి అది చాలు. శనివారం సౌనాలో ఆవిరిస్నానం మానలేదు. తిండికి లోటు లేదు గానీ, మీ అమ్మ చేసే ఏలకుల రొట్టె రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ ఇటుకే వచ్చింది. మీ పెదనాన్న తిన్నాడనుకో. ఆయన ఏం పెట్టినా తింటాడు.

ఇక రైఫిల్ సంగతి. పెద్ద మాగ్నమ్ తుపాకి జోలికి వెళ్లొద్దని డాక్టరు చెప్పాడని నేను రాయగానే నువ్వు జవాబు రాశావు. "అమ్మ రైఫిల్ బీరువాలోనే ఉంది, నువ్వే తీసుకో నాన్నా. నాకిక అక్కర్లేదు. నా కన్ను మీద నాకే నమ్మకం పోయింది" అన్నావు. మీ అమ్మ పోతూ పోతూ నీ చేతిలో పెట్టిన వస్తువది. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. నీది దొడ్డ మనసు తల్లీ. ఎంత దొడ్డదో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్లు ఆ తుపాకిని వెక్కిరించినవాణ్ణి నేనే. అంత చిన్న తూటా దోమల్ని కొట్టుకోవడానికి పనికొస్తుందనేవాణ్ణి. మీ అమ్మ హిల్మా పట్టించుకునేదా? దుప్పి మాంసం వండి బల్ల మీద పెట్టి, "దోమ కూర ఉడికింది, ముగ్గురూ తినండి" అనేది. మేం నోరు మూసుకుని తినేవాళ్లం.

మొన్న దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని నూనెగుడ్డతో తుడిచాను. నూనె ఎవరైనా రాస్తున్నారా అని అడిగావు కదా, రాశాను. వాల్‌నట్ కర్ర చెయ్యి పట్టేచోట నల్లబడి నున్నబడింది. పట్టు కోసం చెక్కిన గళ్లు సగం అరిగిపోయాయి. చెంప ఆనేచోట ఎంత మెరుస్తోందో! అక్కడ పాతికేళ్లు మీ అమ్మ చెంపా, తర్వాత నీ చెంపా ఆనాయి. భుజానికి ఆనే మడమ దగ్గర నొక్కు అలాగే ఉంది. అది నేను ట్రక్కు తలుపు వేసినప్పుడు పడింది, మూడు రోజులు మీ అమ్మ నాతో మాట్లాడలేదు. లెస్టర్ ఈ మధ్య ప్లాస్టిక్ మడమ ఉన్న తుపాకి కొన్నాడు. దాన్ని పట్టుకుంటే పడవ తెడ్డు పట్టుకున్నట్టుంది. మీ అమ్మదైతే చేతిలోకి తీసుకోగానే తానే లేచి భుజం మీదికి వచ్చింది.

పశువుల కొట్టం వెనక అట్టపెట్టె పెట్టి కాల్చి చూశాను. నా మాగ్నమ్ పేలితే గుర్రం తన్నినట్టుండేది. ఇదేమో మీ అమ్మ పక్కన కూచుని "కాస్త జరుగు" అన్నట్టు ఒక్క తోపు తోసి ఊరుకుంది. నాలుగు గుళ్లూ అరచేయంత చోట పడ్డాయి. డెబ్బై ఒకటో ఏట నాకిది దొరికింది. నీకెన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

వేట మొదలైన రెండో రోజు పొద్దున చిత్తడి పక్కన కూచున్నాను. ఒక చిన్న కొమ్ముల దుప్పి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. మీట నొక్కాను. మార్లిస్, అది పడటం నేను చూశాను. ముందుకాళ్లు మడవటం, మంచు లేవటం, అంతా దుర్భిణిలోంచి చూశాను. నీకిది వింతగా ఉండొచ్చు. మాగ్నమ్‌తో మీట నొక్కేలోపే నా కళ్లు మూసుకుపోయేవి. ఆ తన్నుకి భయపడి. నాలుగైదేళ్లుగా అంతే, ఎవరికీ చెప్పలేదు. దుప్పి పక్కన మంచులో కూచుని ఏడ్చాను. కొంత సంతోషానికి. మిగతాది ఎందుకో చెప్పడానికే ఇంత దూరం రాసుకుంటూ వచ్చాను.

పోయినేడు పడిన, కొమ్ములకి పది చీలికలున్న పెద్ద దుప్పి విషయం. నువ్వు అమ్మ రైఫిల్‌తో దేవదారుల దగ్గర, నేను మాగ్నమ్‌తో ఎగువన. ఇద్దరి తుపాకులూ ఒక్కసారే పేలాయి. ఒంటి మీద ఒకటే చిల్లు. మీ పెదనాన్న వచ్చి చూసి, ఇంత దుప్పిని ఆ దోమల తుపాకి పడెయ్యలేదు, ఇది వైనోదే అని నాకు కట్టబెట్టి తేల్చేశాడు. గురి తప్పినవాళ్ల చొక్కా అంచు కోసి వేట గుడిసె దూలానికి మేకు కొట్టడం మా తాత నాటి రివాజు కదా, నీ చొక్కా కోశారు. నువ్వూ అందరితో పాటు నవ్వావు. ఇంటికొచ్చే దారిలో మాత్రం నలభై మైళ్లు ఒక్క మాట ఆడలేదు.

వారం తర్వాత షెడ్డులో మాంసం కోస్తుంటే అవతలి పక్క తోలు కింద గుండు దొరికింది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంది గానీ అడుగు చెదరలేదు. నా మాగ్నమ్ తూటా ఖాళీ డొల్లలో పెడితే లొడలొడలాడింది. ట్రక్కు సీటు కింద నువ్వు పారేసుకున్న డొల్ల ఒకటి దొరికింది. అందులో పెడితే సరిగ్గా కూచుంది. నా గుండు అసలు ఆ దుప్పి దరిదాపులకే వెళ్లలేదు.

ఆ పూటే నీకు ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేదు. అప్పటికి మూడేళ్లుగా నాకు వేట పడలేదు. ముసలాడి పని అయిపోయింది, ఇక గుడిసెలో వంట చేసుకోమని తోసేస్తారని భయం. గుండు పొగాకు డబ్బాలో దాచి, గోడకి తగిలించిన కొమ్ముల కింద నా పేరు రాయించుకున్నాను. కన్నకూతురి వేట దొంగిలించాను. అది తెలియక నువ్వు నీ కన్నునే తప్పుపట్టుకున్నావు, పైగా తుపాకి నాకే ఇచ్చావు.

ఈ ఏడు ఆ చిన్న దుప్పి పడ్డ సాయంత్రం భోజనాల దగ్గర డబ్బా విప్పి ఇద్దరి ముందూ పెట్టాను. లెస్టర్ గుండు తిప్పి తిప్పి చూశాడు.

"ఏడాది పొడుగునా ఆ కొమ్ముల కింద కూచుని సూపు తాగావు గదా బావా, ఎలా దిగింది నీకు?"

"దిగలేదు" అన్నాను.

రీనో లేచి వెళ్లాడు. కత్తెర తెచ్చి, "లే, నిలబడు" అన్నాడు. నా చొక్కా అంచు కోసి, కూచోకుండా తన చొక్కా కూడా కోసుకున్నాడు. ఎందుకని అడిగితే, "తీర్పు చెప్పింది నేనే గదరా" అన్నాడు. ఆయనకున్న మంచి చొక్కా అదొక్కటే. దూలం మీది నీ గుడ్డపేలిక లెస్టర్ తీసేశాడు. కొమ్ముల కింద నీ పేరు రాశాం.

ఈ ఉత్తరంలో చిన్న పొట్లం పెట్టాను. అందులోది నీ గుండు. రైఫిల్ మాత్రం నేను ఉంచుకోలేను, అది నీది. ఈ ఏడు వాడుకోనిచ్చావు, ఆ మేలు చాలు. వచ్చే నవంబరుకి రమ్మని అడిగే ముఖం నాకు లేదు. వస్తే మాత్రం దేవదారుల దగ్గర నువ్వు కూచో, వంట నేను చేస్తాను. ఎవరూ తొయ్యకుండానే చేస్తాను. రాకపోయినా, క్షమించకపోయినా, ఒక్కటి తెలుసుకో. నిన్న ఆ చోటికి వెళ్లి నువ్వు కూచున్న దగ్గర్నుంచి దుప్పి పడ్డ చోటు దాకా అంగలు వేసి కొలిచాను. రెండు వందల పన్నెండు అంగలు. మీ అమ్మ కూడా ఎన్నడూ అంత దూరం కొట్టలేదు.

ఇట్లు,
నీ మేలు మరవని
నాన్న