పాట మధ్యలో నా మాట

చెల్లాయికి, ఇక్కడ అందరం కులాసాయే, కార్డు చూసి కంగారు పడకు.

అల్లుడు హాల్లోకి నడుమెత్తు స్పీకర్లు రెండు తెచ్చాడు. చాలా ఖరీదైనవట. దుమ్ము పడుతుందని నేను దుప్పటి కప్పితే, "మామయ్యగారూ, వాటికేమన్నా చలేస్తుందా?" అని నవ్వాడు. చిన్న చప్పుడు కూడా దాచవు అవి.

ఆదివారం మన పాత టేపు పెట్టించాను. నీ పెళ్ళికి ముందు నువ్వు వంటింట్లో పాడుతుంటే నాన్న పట్టింది. పాట మధ్యలో ఆగిపోతుంది కదా, టేపు అయిపోయిందనుకునేవాణ్ణి. ఈసారి ఆగే ముందు పక్కగదిలోంచి ఒక మగగొంతు వినబడింది. "చాల్లే ఆపు, చెవులు చిల్లులు పడుతున్నాయి."

అమ్మాయి నా వంక చూసి, "నాన్నా, అది నువ్వే" అంది.

అలా అన్నట్టు నాకు గుర్తు లేదు. నీకు ఉండే ఉంటుంది. ఆ తరవాత నువ్వు పాడగా నేను వినలేదు. ఎవరడిగినా దానికి గొంతు పోయిందని నేనే చెబుతూ వచ్చాను. నువ్వూ కాదనలేదు. తప్పయిపోయింది తల్లీ. ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి కొత్త కళ్ళద్దాలు వచ్చాయా?

ఆ పాట నీకు పంపుతాను. నా మాట తీసేసి పంపుదామన్నాడు అల్లుడు. నేనే వద్దన్నాను. అది తీసేస్తే నీ అంతట నువ్వే ఆపేసినట్టుంటుంది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

అన్నయ్య