మన వాకిట ఆగని వ్యాను

గోలేటిలో ఉన్న కొడుకు జాన్ ప్రసాద్‌కు బాపు రాయునది.

నేను రిటైరైన రోజు మెడలో పూలదండ వాడకముందే నలుగురిలో నువ్వన్న మాట మర్చిపోలేదు. "బాపు బాయి డాక్టరుతో అన్‌ఫిట్ అని రాయించుకుంటే ఆ నౌకరీ కొడుకునని నాకొచ్చేది. ఫిట్ అనిపించుకొని ఏం సాధించిండు?" అన్నావు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగినవాణ్ణి. లేని జబ్బు ఉందని ఎట్లా చెప్తాను?

ప్రభువు దయవల్ల మేమిద్దరం బాగున్నామని రాయాలి. రాయలేను. నువ్వు, ఫెబా, పిల్ల బాగున్నారని తలుస్తాను. ఫోనులో మనిద్దరికీ మాట పెరుగుతుంది, అందుకే ఉత్తరం.

అమ్మ కళ్లద్దాలు మార్పించారా అని అడిగావు. అద్దాలతో అయ్యే పని కాదు. మొన్న గ్లాసు పక్కన చాయ్ పోసింది. చెయ్యి కాలినా అరవలేదు. "గిలాస నువ్వే జరిపినవ్" అని నన్నే తిట్టింది. బైబిలు ఒళ్లో పెట్టుకుంటుంది, పేజీ తిప్పదు.

పోయిన నెల ఏదో ఆస్పత్రి నుంచి ఒక ఫోను వచ్చింది. ఊళ్లల్లో ముసలివాళ్లకు ఏ వైద్యం అందడం లేదో కనుక్కుంటారట. ఆడపిల్ల గొంతు.

"తాతా, చూపు ఎట్లున్నది?"

"ఫిట్."

"ఆయాసం?"

"ఫిట్."

"అవ్వకు?"

"ఆమె గూడ ఫిట్."

"అయితే మీ ఇంట్ల డాక్టరుకు పనే లేదు తాతా!" అని నవ్వింది.

బాయి డాక్టరు ముందు నిలబడి అన్నట్టే అన్నాను. అక్కడ ఒక్క దగ్గు దగ్గితే డ్యూటీ పోతుందని ఊపిరి బిగబట్టి ఫిట్ అనేవాళ్లం. నోటికి అదే పట్టింది.

అవసరం ఉందన్నవాళ్ల ఇళ్లకు ఆస్పత్రి వ్యాను వచ్చింది. పక్కింటి లింగవ్వను తీసుకుపోయి కంటి ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వ్యాను మన వాకిలి దాటుతుంటే మీ అమ్మ గడపలో కూర్చొని చప్పుడు వింది. "మనింటికి రారా?" అంది. నేను ఫోనులో ఏం చెప్పానో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆ నంబరుకు నేనే చేశాను. "చెప్పు తాతా, ఏం తక్లీఫ్?" అందా పిల్ల. "ఏం లేదు బిడ్డా, ఊకెనే చేసిన" అని పెట్టేశాను. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఫోను అమ్మ చేతికిస్తే, "మా ఆయన చెప్పిందే" అని నాకే తిరిగిచ్చింది. నాకేం తోచడం లేదు ప్రసాదూ.

సోమవారం వ్యాను మళ్లీ వస్తుందట. శనివారం దాకా పేర్లు రాసుకుంటారు. నంబరు కాగితం వెనక ఉంది. నువ్వు చెయ్యి. అమ్మకు చూపు పోతోందని చెప్పు. మెట్లెక్కితే నాకు ఊపిరి ఆడదని కూడా చెప్పు. మా బాపు అన్‌ఫిట్ అని చెప్పు. అప్పుడు నా నోట రావాలని నువ్వనుకున్న మాటే, ఇప్పుడు నీ నోట అను. కోపం చెయ్యను.

ఉత్తరం తెచ్చిన ఎల్లేశం శుక్రవారం తిరిగి వస్తాడు. ఫోను చేశావో లేదో అతని చేతికి ఒక ముక్క రాసివ్వు. శుక్రవారం ఆఖరి బస్సు దాకా నేను స్టేజీ దగ్గరే ఉంటాను.

ఇట్లు,
నోరు పెగలని నీ బాపు,
దేవసహాయం