తిరగబడిన అక్షరం

అమ్మకు, రోమ్ టంకశాల నుంచి మెనోఫిలస్ నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ కోడలూ కులాసాగానే ఉన్నాం. ఎఫెసస్‌లో మీరంతా బాగున్నారనీ, నీ మోకాలి వాపు తగ్గిందనీ తలుస్తాను.

బంగారు నాణెం మీద ఉన్నట్టే చక్రవర్తి ఉంటాడా అని అడిగావు. నాకేం తెలుసమ్మా? ఆయన్ని నేను చూడనే లేదు. మైనపు బొమ్మ పంపారు, దాన్ని చూసి చెక్కాలి. బొటనవేలి గోరంత చోటులో పక్కకు తిరిగిన ముఖం, తలమీద ఆకుల దండ. రెండోవైపు త్రాసు పట్టుకున్న దేవత, చుట్టూ చుక్కల అంచు. ముఖం నాలుగుసార్లు వెనక్కి వచ్చింది.

"మెడ లావైందయ్యా, ఎద్దనుకుంటారు" అన్నాడు మా అధికారి వొలూసియస్. సన్నం చేస్తే, "ఇదేమిటి, కోడిమెడా?" అన్నాడు. ఇనుప అచ్చు మీద పడ్డ గాటు చెరిగేది కాదు. ప్రతిసారీ మొదటినుంచీ చెక్కాలి. కళ్ళు మండిపోయి ఇంట్లో అందరిమీదా అరిచేవాణ్ణి.

మన వీధి ట్రిఫైనా కొడుకు థ్రెప్టస్ ఎలా ఉన్నాడనీ అడిగావు. ఇంతసేపూ ఆ మాట తప్పించుకుంటున్నాను.

ఇక్కడ బొమ్మలు నావి, అక్షరాలు అతనివి. అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కితేనే నాణెం మీద సరిగ్గా పడతాయి. ఐదో అచ్చు నాడు విసుగెత్తి, "నీ నత్తనడక చూడలేను, ఇటివ్వు" అని అతని చేతిలో ఉలి లాక్కున్నాను. చక్రవర్తి పేరులో ఒక అక్షరం తిరగెయ్యడం మరిచాను. నాణేలు కొట్టాక గాని ఎవరూ గమనించలేదు.

"అక్షరాలు చెక్కేది ఎవడు?" అని వొలూసియస్ కేకలేశాడు. థ్రెప్టస్ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. అతను బానిస కదా, వొలూసియస్ ఇంకేమీ అడగలేదు. కొరడాలతో కొట్టి స్పెయిన్ గనులకు పంపేశారు.

పోయిన నెల వెళ్ళి ఒప్పుకున్నాను. వొలూసియస్ నవ్వాడు.

"ఆ బంగారం సైనికులకు పంచేశాం. వాళ్ళు బరువు చూస్తారు గాని చదువుతారటయ్యా? పో, పని చూసుకో."

"థ్రెప్టస్‌ని వెనక్కి పిలిపించండి."

"గనుల్లోంచా?" అని మళ్ళీ నవ్వాడు.

తప్పు నాదేనని పై అధికారికి సాక్షుల ముందు రాసిచ్చాను. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడుతున్నాను. ఇంతవరకు లోపలికి రమ్మనలేదు.

ఈ ఉత్తరం ట్రిఫైనాకు చదివి వినిపించమ్మా. ఆవిడ తిట్టే తిట్లు ఒక్కటీ మింగకుండా రాయించి పంపు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
మెనోఫిలస్