ఎవురు రాసినారు ఇది?

అక్కకు సరోజ నమస్కారం.

హైదరాబాదులో మేమిద్దరం బాగున్నాము, దిగులు పడవద్దు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మాత్రలు వేళకు మింగుతోందా, లేక నీ కళ్ళు కప్పి చూరులో దాస్తోందా? ఎర్రావు ఈనిందా?

ఇక్కడి ఎండ మన హరూర్ ఎండకేమీ తీసిపోదు. నీ మరిది డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ, గోడలూ. రాగిపిండి దొరికింది గానీ సంగటి ముద్ద కట్టడం లేదు. మొరప్పూర్‌లో రైలెక్కి ఎవరైనా ఇటు వస్తుంటే మన పిండి కొంచెం పంపించు. అక్కడ తమిళ బళ్ళో మనల్ని తెలుంగు పిల్లలన్నారు. ఇక్కడ నేను నోరు తెరవగానే కిరాణా కొట్టాయన "మీరు అరవవాళ్ళా అమ్మా?" అంటాడు. నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

నెట్ సెంటర్‌కు పోయి బ్లాగు రాస్తున్నానని చెప్పాను కదా. మనిద్దరికీ ఇసుకలో తెలుగు అక్షరాలు దిద్దించిన తాత గురించే మొదట రాశాను, మేకలు తోలుకుని చిత్తేరి కొండకు పోయిన సంగతి. ఆయన కథలు ఆయనతోనే పోకూడదని నా ఆశ. తీరా చూస్తే 'తాత' అని ఉండాల్సిన చోటల్లా 'దాత' అని పడింది. మనం చదివిన తమిళంలో రెంటికీ ఒకటే అక్షరం కదా, నా చేతికి తేడా తెలియలేదు. "మీ దాతగారు మేకలు కూడా దానం చేశారా?" అని ఒకాయన కింద రాశాడు. అసలిది తెలుగేనా అన్నాడు ఇంకొకాయన. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటినుంచి రాసిందంతా ఎదురింటి టీచరమ్మకు చూపిస్తున్నాను. పాపం, మంచావిడ. 'పోయినాడు'ను 'వెళ్ళాడు' చేస్తుంది, 'ఉండాది'ని 'ఉంది' చేస్తుంది. ఇప్పుడు అందరూ మీ శైలి బాగుందంటున్నారు. నేనూ పొంగిపోయాను. పోయిన ఆదివారం ఆవిడ దిద్దిన తాత కథనే అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని అమ్మ ఏమందో తెలుసా?

"బాగుండాది పాపా. ఎవురు రాసినారు ఇది?"

నేనే అని చెప్పలేకపోయాను అక్కా. ఎవరో టీచరమ్మ అన్నాను. తన నాయన కథను తన కూతురే చెబుతోందని అమ్మకే తెలియకపోతే, ఇంకెవరి కోసం రాయాలి?

మన మాటలో రాద్దామంటే నవ్వుతారని భయం. భయం పక్కన పెట్టి కూర్చున్నా రావడం లేదు. 'పోయినాడు' అనుకుంటూనే 'వెళ్ళాడు' అని రాస్తున్నాను. ఈ ఉత్తరమే చూడు, నీకు రాసేది కూడా ఆవిడ దిద్దినట్టే వచ్చింది. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

ఇంకో కాగితంలో తాత కథ చేతనైనంత మన మాటలో మళ్ళీ రాసి దీంతో పెట్టాను. ఎవరికీ చూపలేదు, అంతా కొట్టివేతలే. అమ్మ తీరుబడిగా ఉన్నప్పుడు చదివి వినిపించు. ఎవరు రాశారో ముందుగా చెప్పవద్దు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా బదులు అమ్మ కాళ్ళకు మొక్కు. కథ విని 'మన పాప రాసినట్టుండాదే' అంటే వెంటనే ఒక కార్డు ముక్క రాయి.

మళ్ళీ 'ఎవురు రాసినారు' అని అడిగితే, నా పేరు చెప్పవద్దు.

నీ చెల్లెలు
సరోజ